పెట్టెల పెద్దమ్మ కుందేలును దారికి తెచ్చిన పది రోజులు

పెట్టెల పెద్దమ్మ అంటే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదివిన మూడు తరాలకు గుండెల్లో రాయి పడేది. ఆమె అసలు పేరు జీతాల పట్టీలోనే ఉండిపోయింది. చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి, అదీ బడికంతా మొదటి మార్కుతో. ఆ ఏడో తరగతితోనే డిగ్రీలు చదివినవాళ్ళను పక్కన నిలబెట్టి ముప్పై నాలుగేళ్ళు వార్డెనుగా ఏలింది. ఆమె చేతికింద పెరిగిన పిల్లలు రెండు వేల పైచిలుకు. వాళ్ళలో ఒక్కతె కూడా గోడ దూకలేదు. ఒక్కతె కూడా ఎదురు చెప్పలేదు. చెప్పినది ఆమె రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు. తనిఖీకి వచ్చిన పై అధికారులు తొమ్మిది సార్లు రిజిస్టరులో మెచ్చుకుంటూ రాశారు. ఆ తొమ్మిది మెప్పులూ తేదీలతో సహా ఆమెకు నోటికి వచ్చు. అడిగినవాళ్ళకూ చెప్పేది, అడగనివాళ్ళకూ చెప్పేది.

ఆమె విద్య అంతా ఒక్క పనిలో ఉంది. రోజూ ఉదయం ఆరింటికి చెక్క స్కేలు చేత్తో పట్టుకుని పిల్లల ట్రంకు పెట్టెల వరుసలోకి వచ్చేది. ఈ రోజు ఎవరి పెట్టె అన్నది ముందు చెప్పేది కాదు. ఒక పెట్టె ముందు ఆగి, మూత తీసి, ఉన్నదంతా నేలమీద బోర్లించేది. అద్దం ముక్క, ఎండిన పువ్వు, అక్క రాసిన ఉత్తరం, ఏది బయటపడితే అది పొయ్యిలోకి పోవలసిందే. "నాది అని ఒకటి దాచుకున్నన్నాళ్ళూ మనిషికి పొగరు దిగదు" అనేది. ఒక తొమ్మిదేళ్ళ పిల్ల, చనిపోయిన తల్లి రవికెను దిండు కింద పెట్టుకుని పడుకునేది. ఒకసారి దాన్ని లాగబోతే చెయ్యి కరిచింది. పెద్దమ్మ ఆ రవికెను ఆ పిల్ల చేత్తోనే పొయ్యిలో వేయించింది. ఆ తర్వాత ఆ పిల్ల బడి విడిచిపోయేదాకా పెదవి విప్పలేదు. పెద్దమ్మ లెక్కలో అదీ ఒక విజయమే.

అటువంటి మనిషి పదవీ విరమణ చేసి కొడుకు ఇంట్లో కూర్చుంటే చేతులు ఊరుకుంటాయా! కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. కోడలు ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుడుతుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు, పదేళ్ళది, ఇంట్లో బుడ్డి అని పిలుస్తారు. ఆ బుడ్డి ఏడాది పాటు తండ్రి చొక్కా పట్టుకుని వేలాడి ఒక కుందేలును కొనిపించుకుంది. తెల్లటిది, ఆడది, దూది అని పేరు పెట్టింది.

దూది రెండు వారాలు బాగానే ఉంది. వరండాలో ఇనుప కమ్మీల బోను, బోను అడుగున రేకు పళ్ళెం, మూలన గడ్డి, ఒక అట్టపెట్టె. తలుపు తీస్తే బయటికి వచ్చి బుడ్డి పాదాల చుట్టూ తిరిగేది. బయట ఉన్నంతసేపూ మెత్తని పిల్లే. బోనులో ఉన్నప్పుడు చెయ్యి పెడితే మాత్రం గుర్రుమని ముందుకాళ్ళతో కొట్టేది. రానురాను అది ముదిరింది. మూడో వారంలో కోడలు నీళ్ళ గిన్నె మారుస్తుంటే చూపుడు వేలు పట్టుకుని వదల్లేదు. మూడు కుట్లు పడ్డాయి. కుట్టు మిషను మూలనపడింది.

కొడుకు ఆ సాయంత్రం తేల్చి చెప్పాడు. "ఇంకొక్కసారి కరిచిందంటే షాపువాడికి తిరిగిచ్చేస్తా. ఏడిచినా లాభం లేదు బుడ్డీ."

"నాన్నా, అది బయటికొచ్చాక లోపల సర్దాలంట. షాపు మామయ్య చెప్పాడు. లోపలుంటే అది దాని ఇల్లు అనుకుంటుందంట. తలుపు తీసి కూర్చుంటే అదే వస్తుంది. నేను కూర్చుంటా నాన్నా, ఎంతసేపైనా."

"కుందేలు బయటికి దయచేసేదాకా మనం వాకిట్లో కాచుకోవాలా?" అంది పెద్దమ్మ నవ్వుతూ. "మహారాణీగారికి కబురు కూడా పంపాలేమో! ఒరేయ్, పది రోజులు నాకొదిలెయ్. రెండు వేలమందిని దారికి తెచ్చినదాన్ని, గుప్పెడు కుందేలు నాకొక లెక్కా? పదకొండో రోజు నువ్వు ఉత్త చెయ్యి పెట్టు. కరిస్తే నన్నడుగు."

"అత్తయ్యా, అది ఆడపిల్ల కాదండీ, జంతువు" అంది కోడలు కట్టు కట్టిన వేలు చూసుకుంటూ.

"రెంటికీ నేను తేడా చూడలేదమ్మా. అందుకే నా రికార్డు అలా ఉంది."

బుడ్డి ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే కుందేలు పోతుంది. నానమ్మ గెలిస్తే దూది ఇంట్లో ఉంటుంది. ఆ పిల్లకు తెలిసిన లెక్క అంతే.

మరుసటి రోజు ఉదయం ఆరింటికి పెద్దమ్మ వరండాలోకి వచ్చింది. కొడుకు డిపోలో వాడే తోలు గ్లౌజు మోచేతిదాకా తొడుక్కుంది. బోను తలుపు తీసి, మీదికి దూకిన కుందేలు మెడను నేలకు నొక్కిపట్టింది. అది గిలగిల కొట్టుకుంది, తన్నుకుంది, ఆఖరికి బిగుసుకుపోయి కదలకుండా పడి ఉంది. ఊపిరి ఆడనట్టు డొక్కలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. "చూశావా, లొంగింది" అంది పెద్దమ్మ. తర్వాత పళ్ళెం లాగి, గడ్డి, అట్టపెట్టె, చిన్న గుడ్డ ముక్క, ఉన్నదంతా నేలమీద బోర్లించింది. ఫినాయిల్ నీళ్ళతో కమ్మీ కమ్మీ తోమింది. దాని వాసన ఇసుమంతైనా మిగలకూడదు. ఖాళీ బోనులో కుందేలును పడేసి తలుపు వేసింది.

"నానమ్మా, కొంచెం పాత గడ్డి ఉంచవా? దాని వాసన లేకపోతే భయపడుతుందంట."

"భయపడాలనేగా తల్లీ."

రోజూ అదే తనిఖీ. కరవబోతే ముక్కుమీద స్కేలుతో ఒక్కటి. గుర్రుమంటే ఆ పూటకు మేత బంద్. మూడో రోజుకు తగ్గుతుందనుకుంది. తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. కమ్మీల దగ్గరికి నీడ పడితే చాలు ఎగిరి కొట్టేది. అయిదో రోజు గ్లౌజు తోలును చీల్చింది.

"మొండిఘటం" అంది పెద్దమ్మ మెచ్చుకోలుగా. "ఇలాంటివాళ్ళే ఒకసారి విరిగితే మళ్ళీ లేవరు."

ఎనిమిదో రోజు కుందేలు కొత్త పని మొదలుపెట్టింది. వేసిన గడ్డి తినకుండా నోట పట్టుకుని మూలకు మోస్తోంది. బుడ్డి బడినుంచి వచ్చి చూసి పరుగెత్తింది.

"నానమ్మా, దూది ఛాతీమీద బొచ్చు పీక్కుంటోంది! గుత్తులు గుత్తులుగా పీకి గడ్డిలో పెడుతోంది!"

"పంతం. హాస్టల్లో జుట్టు పీక్కున్నవాళ్ళను ఎంతమందిని చూడలేదు! చూస్తున్నకొద్దీ నాటకం పెరుగుతుంది. నువ్వు లోపలికి పో."

పోగైన గడ్డీ బొచ్చూ ఊడ్చి చెత్తడబ్బాలో వేసింది. కుందేలు ఆ సాయంత్రమంతా మళ్ళీ మోసుకుంది. మళ్ళీ పీక్కుంది. ఛాతీ మీద ఎర్రటి చర్మం బయటపడింది.

తొమ్మిదో రోజు ఉదయం పెద్దమ్మ తలుపు తీసేసరికి మూలన బొచ్చు కుప్ప జానెడు ఎత్తున ఉంది. కుందేలు దానికి అడ్డంగా నిలబడింది. అది అరిచిన అరుపు పెద్దమ్మ మునుపెన్నడూ వినలేదు. గ్లౌజు చీలిన చోట పట్టుకుని మణికట్టు దాకా కోసింది. పెద్దమ్మ "అబ్బా" అనలేదు. ఎడమచేత్తో మెడ నొక్కి, కుడిచేత్తో ఆ బొచ్చు కుప్పను బయటికి లాగింది. గ్లౌజులోంచి కూడా వెచ్చగా తగిలింది. విప్పి చూస్తే లోపల కదులుతున్నాయి. ఎర్రగా, నున్నగా, కళ్ళు తెరవని వేలెడంత పురుగుల్లాంటివి, ఒకదాని మీద ఒకటి పడి మూతులు ఆడిస్తున్నాయి.

ఆమెకు వెంటనే అర్థమైపోయింది. హాస్టలు బియ్యపు గదిలో పందికొక్కులు సంచుల మధ్య ఈనేవి. ముప్పై నాలుగేళ్ళలో అలాంటి గుంపులు ఎన్నో ఏరి బకెట్లో వేసింది. గడ్డి పోగేస్తే పందికొక్కు చేరుతుందని ఈ ఇంట్లోనూ మొదటి రోజే చెప్పింది, ఎవరు విన్నారు? ఒక్కొక్కదాన్ని లెక్కపెట్టి ఫినాయిల్ నీళ్ళ బకెట్లో వేసింది. ఆరు. పైన మూత పెట్టి, కదలడం ఆగేదాకా మూతమీద చెయ్యి ఆనించి నిలబడింది. కుందేలు కమ్మీలకు తల కొట్టుకుంటూనే ఉంది. ఆ తర్వాత వాటిని కవరులో కట్టి చెత్తబండికి ఇచ్చింది.

కాఫీ తాగుతూ ఇంటిల్లిపాదికీ చెప్పింది. "నేనే గనక చూడకపోతే పందికొక్కులతో కలిసి కాపురం చేసేవాళ్ళు మీరంతా. ఆరు పిల్లలు! నిమిషంలో తేల్చేశా."

"ఛీ, తింటున్నప్పుడేంటమ్మా" అన్నాడు కొడుకు.

ఆ మధ్యాహ్నం నుంచి కుందేలు కరవడం మానేసింది.

పదో రోజు, చెప్పిన గడువుకు ఒక రోజు ముందే, కొడుకు సెలవు పెట్టుకుని ఇంట్లోనే ఉన్నాడు. అందరినీ వరండాలో నిలబెట్టి పెద్దమ్మ గ్లౌజు తీసేసి, మణికట్టు కట్టు కనబడేలా ఉత్త చెయ్యి బోనులో పెట్టింది. కుందేలు కదల్లేదు. గిన్నె ఎత్తింది, దించింది. చెవి పట్టుకుని లాగింది. తల తిప్పి చూడను కూడా చూడలేదు. ఖాళీ మూలకు ముఖం పెట్టుకుని కూర్చుంది.

"ఏరా, కరిచిందా?"

"భలే అమ్మా! నువ్వు మామూలుదానివి కాదు." కొడుకు తానూ చెయ్యి పెట్టి చూసి నవ్వాడు. "బుడ్డీ, ఇంక నీ దూది ఎక్కడికీ పోదు. సంతోషమేనా?"

బుడ్డి నవ్వలేదు. "అది నిన్నటినుంచి ఏమీ తినలేదు నాన్నా. నీళ్ళు కూడా తాగలేదు. డాక్టరుకు చూపిద్దాం."

పశువుల డాక్టరు దగ్గరికి నలుగురూ వెళ్ళారు. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. దారికి తెచ్చిన పద్ధతి డాక్టరుకు కూడా చెబితే పదిమందికి పనికొస్తుందని ఆమె ఉద్దేశం. డాక్టరు నడివయసు ఆవిడ. కుందేలును వెల్లకిలా తిప్పి, పొట్ట నొక్కి చూసి, వేలి చివర తెల్లటి చుక్క చూసి ఆగింది.

"ఎప్పుడు ఈనింది?"

"ఈనడమేంటండీ?" అన్నాడు కొడుకు.

"పాలు గడ్డకడుతున్నాయి. షాపులోనే మగదానితో కలిసి ఉంటుంది. నిండు చూలాలు కాబట్టే ఈ మధ్య అంతగా కరిచింది. పిల్లలేవి?"

"పిల్లలేం లేవమ్మా" అంది పెద్దమ్మ. "బోనులో పందికొక్కు ఈనితే ఏరి పారేశాను."

"ఎన్ని?"

"ఆరు." లెక్క ఎప్పుడూ తప్పని మనిషి.

"బోనులోకి పందికొక్కు ఎలా దూరిందండీ?"

కమ్మీల సందు రెండు వేళ్ళ వెడల్పు. పది రోజులపాటు ఒక్కొక్క కమ్మీనీ తోమిన చెయ్యి ఆమెది. కోడలు కూతురి చెవులు మూయబోయింది, అప్పటికే ఆలస్యమైంది.

బుడ్డి ఏడవలేదు. ఇంటికి వచ్చేదాకా దూదిని ఒళ్ళోంచి దించలేదు. వరండాలోకి వచ్చాక బోను దగ్గరికి పోకుండా తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, దూదిని షాపులో ఇచ్చేద్దాం."

"ఇప్పుడు కరవట్లేదుగా తల్లీ. అందుకేగా ఇన్నాళ్ళూ..."

"కరవకపోయినా ఇచ్చేద్దాం. ఇక్కడ నానమ్మ ఉంటుంది."

కొడుకు తల్లివైపు చూశాడు. కోడలు గోడవైపు చూసింది. పెద్దమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని మణికట్టు కట్టు సర్దుకుంటోంది. తెలియక చేశాననే మాట గొంతుదాకా వచ్చింది. ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట ఒక్క పిల్ల ముందు కూడా అనలేదు. అంటే మిగిలినవాటికి కూడా అనాల్సి వస్తుంది.

"తీసుకుపొండి" అంది. "షాపువాడికి మాత్రం చెప్పు ఒరేయ్, తీసుకున్నప్పటిలా లేదని. ఇప్పుడు ఎవరు చెయ్యి పెట్టినా కరవదని చెప్పు."