ఓబులేసు ఆట ఆడినవాడు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. గుంతకల్లులో రైల్వే సిగ్నళ్లు బాగుచేయడం నా ఉద్యోగం. దీపం ఆరిపోయిందంటే ఎక్కడో తీగ తెగిందని అర్థం, వెతికితే దొరుకుతుంది. అలా వెతకడం అలవాటైన మనిషిగానే ఇది రాస్తున్నాను.

చిన్నప్పుడు రైల్వే క్వార్టర్సులో మా పక్కింటి ఓబులేసు, నేను చదరంగం ఆడేవాళ్లం. నిదానంగా కాదు. ఒకడు నోటితో పది లెక్కపెట్టేలోపు ఇంకొకడు ఎత్తు వేయాలి. గడియారం కొనే స్తోమత లేక పెట్టుకున్న ఏర్పాటది.

ఓబులేసు ఆట ఇంకెవరికీ రాదు. మొదట అంచు బంటునే తోస్తాడు. గుర్రాన్ని బోర్డు చివరికి తీసుకెళ్లి, పనేమీ చేయకుండా మళ్లీ ఇంటికి తెస్తాడు. మంత్రికి మంత్రిని ఎప్పుడూ మార్చుకోడు. మనం తప్పెత్తు వేస్తే వెంటనే కొట్టడు. కాసేపు ఊరికే కూర్చుని, మనకు ఆ తప్పు తెలిశాక కొడతాడు. గెలుపు ఖాయమైనా రాజును వదిలేసి, మిగిలిన బంట్లన్నీ కలుపు తీసినట్టు ఏరేస్తాడు. అది చూస్తే ఒళ్లు మండేది నాకు.

వాళ్ల నాయన రిటైరయ్యాక వాళ్లు విడపనకల్లు దగ్గర సొంతూరికి వెళ్లిపోయారు. పెళ్లిళ్లు, ఉద్యోగం, సేద్యం. మా ఇద్దరికీ మాటలు తెగిపోయాయి.

చాలా ఏళ్ల తర్వాత, ఫోన్లో మూడు నిమిషాల చదరంగం అలవాటైంది నాకు. ఒక మధ్యాహ్నం ముక్కూమొహం తెలియని ఖాతాతో ఆట పడింది. అంచు బంటు కదిలింది. గుర్రం చివరికి వెళ్లి తిరిగొచ్చింది. నేను తప్పెత్తు వేశాను. అవతల గడియారం పరుగెడుతోంది, ఎత్తు పడలేదు. ఆట అయ్యాక, "ఓబులేసువా?" అని రాశాను.

"ఇంకెవురప్పా?" అని జవాబొచ్చింది.

ఆ రోజు నుంచి భోజనం వేళ ఆడుకోవడం మొదలుపెట్టాం. నంబరు అడిగితే, "ఫోన్లెందుకు, దినామూ కలుస్తానే ఉండాం గదా" అన్నాడు. వస్తానంటే, "ఈడేముండాది చూసేకి, వానల్లేవు. ఆడుకుందాం రా" అన్నాడు. మొండివాడు, మారలేదు అనుకుని వదిలేశాను.

మధ్యలో నా భార్యకు జబ్బు చేసింది. బెంగుళూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని కూడా అతనితో ఆడాను. చివరి రోజుల్లో ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో పరాయివాడిని చూసినట్టు చూసి మొహం తిప్పుకుంది. ఆ సంగతి నా పిల్లలకు కూడా చెప్పలేదు. అతనికి చెప్పాను.

"ఏడువు. నేనుండా" అని రాశాడు. ఆ రోజు ఆ రెండు మాటలే నన్ను నిలబెట్టాయి.

పోయిన వేసవిలో మా ఆఫీసతని కూతురి పెళ్లికి విడపనకల్లు వెళ్లాను. ఈసారి చెప్పకుండా వెళ్లి ఆశ్చర్యపరుద్దామని, భోజనాలయ్యాక ఆటో ఎక్కి ఓబులేసు ఊరు చేరాను.

నన్ను చూసి ఓబులేసు వాకిట్లోకి వచ్చాడు. అతని కుడిచేతికి వేళ్లు లేవు. వేరుశెనగ మిషన్లో పోయాయట.

"ఇన్నేండ్లకు గుర్తొచ్చినానా శీనా?"

"దినామూ ఆడుకుంటానే ఉండాం గదప్పా" అని నవ్వాను.

"ఏం ఆట?"

ఫోన్ తీసి చూపించాను. ఓబులేసు భార్య రత్నమ్మ మంచినీళ్లిస్తూ అంది: "ఈయనకు బొత్తాల ఫోనే గదన్నా. చెయ్యి పోయినప్పటి నుంచి ఆ బోర్డు ముట్టుకున్న పాపాన పోల్యా."

తమాషా చేస్తున్నారనుకున్నాను. ఇంతలో నా చేతిలో ఫోన్ మోగింది. అదే ఖాతా, ఆటకు పిలుస్తోంది.

ఒప్పుకున్నాను. ఓబులేసు నా పక్కనే మంచం మీద కూర్చున్నాడు.

"అంచు బంటు" అన్నాడు. అదే కదిలింది. "గుర్రం." అదే. "ఇంగ ఇంటికి తెస్తాడు." తెచ్చింది. నేను కావాలనే ఒక తప్పెత్తు వేశాను. "కొట్టడు, చూడు. ఆగుతాడు" అన్నాడు. ఆగింది. అప్పటికి ఓబులేసు గొంతు తగ్గిపోయింది.

ఆట వదిలేసి, "ఎవరు నువ్వు?" అని రాశాను.

"పక్కన ఉండాడు గదా, అడుగు."

రత్నమ్మ దేవుణ్ణి తలుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఓబులేసు భయపడలేదు. లేచి దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

"చెయ్యి పోయి ఆసుపత్రిలో పడుంటే నీ పేరే తలుచుకున్నా. శీనడికి తెలిస్తే వస్తాడనుకున్నా. నువ్వేమో నా పేరు చెప్పుకునే ఎవనితోనో కష్టం సుఖం మాట్లాడుకుంటాండావు."

"నువ్వే రావద్దన్నావప్పా" అన్నాను. అన్నాక ఆ మాట ఎంత వెర్రిగా ఉందో నాకే తెలిసింది.

"నేనా?" అన్నాడు, అంతే.

తర్వాత వెతకాల్సినవన్నీ వెతికాను. కంప్యూటర్ల పని తెలిసిన మా మేనల్లుడు, ఒక మనిషి ఆటలు ఇస్తే అలాగే ఆడే యంత్రాలు వచ్చాయన్నాడు. ఫోన్ మా మాటలు విని ఉండొచ్చన్నాడు. సరే. కానీ క్వార్టర్సు అరుగు మీద పది లెక్కపెడుతూ ఆడిన ఆటలు ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. వాటిని చూసింది మేమిద్దరమే.

ఆ ఖాతా ఇప్పటికీ ఉంది. భోజనం వేళకు పచ్చ చుక్క వెలుగుతుంది. పిలుస్తుంది. నేను ముట్టుకోను.

నెలకోసారి ఓబులేసు దగ్గరికి వెళ్తున్నాను. టీ తాగుతాం, వానల గురించి మాట్లాడుకుంటాం. మొన్న అతనే, "మీ ఇంటామెకు ఏమైందప్పా?" అని అడిగాడు. అసలు ఓబులేసు, ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ అడిగాడు. చెబుదామని నోరు తెరిచాను. జబ్బు పేరు ఒక్కటే బయటికొచ్చింది. మిగతాదంతా ఒకసారి చెప్పేశాను కదా. ఎవరికి చెప్పానో మాత్రం నాకు తెలియదు.