తాత కాగితం

తొంభైల్లో నాంపల్లి వస్తుంటే రైల్లో కలకత్తా ముసలామె పరిచయమైంది. ఆర్మేనియన్. టర్కీలో దుకాణం నడిపిన తాత కాగితం ఒకటి చూపించింది. అందులో ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదట.

అక్షరాలు ఉర్దూలా ఉన్నాయనిపించి, దిగాక ఆమెను వెంటబెట్టుకెళ్లి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే సాయిబుకు చూపించాను.

"టర్కీ బాస రాదు గని అక్షరాలు మనయే సార్. బదల్... అస్కరీ... గిది ఫౌజుల చేరకుంట కట్టిన పన్ను రసీదు అయ్యుంటది."

ఆమెకు హిందీలో చెప్పాను.

"పన్ను కట్టినా తాతను చివరికి ఫౌజుకే పట్టుకుపోయారు. తిరిగి రాలేదు," అందామె.

సాయిబు కళ్లద్దాలు తుడుచుకుని, అడుగున ఉన్న, పన్ను కట్టినతని పేరు కూడబలుక్కుని చదివాడు. "ఆ...గోప్."

కాగితం అందిస్తే ఆమె తీసుకోలేదు.

"ఆ పేరు ఇంకొక్కసారి చదవమనండి," అంది.