ఆరు నుంచి ఆరున్నర దాకా

మా బావ ప్రభుదాసు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు పని చేసేవాడు. బల్ల మీద పప్పు కుప్పగా పోస్తే గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేయాలి. మచ్చ ఉన్న పలుకు అతని చూపు దాటి పోయేది కాదు. పదహారేళ్లు అదే పని. ఇల్లు వజ్రపుకొత్తూరు దగ్గర, కొబ్బరి, జీడి చెట్లున్న తోట పక్కన. ఇంట్లో మా అక్క దోర్కాస్, ఎనిమిదేళ్ల కూతురు ప్రియ.

2001లో అతని అన్న కిడ్నీలు పాడై చనిపోయాడు. ఆ వీధిలో ఆ ఏడాది అదే జబ్బుతో అది మూడో చావు. సమాధికి వేసిన సున్నం ఆరకముందే బావ పలాసలో రక్తపరీక్ష చేయించుకున్నాడు. అంతా బాగానే ఉందన్నారు. మరుసటి సోమవారం మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం.

ల్యాబులో రక్తం తీసే ఢిల్లేశ్వరరావు అతనితో అనేవాడట: "ఏటి బావా, నీ రగతం నీ ఒంట్లో కన్నా మా గొట్టాల్లోనే ఎక్కువున్నాది."

మా వైపు పరీక్ష చేయించుకోవడం తప్పు కాదు, తెలివి. అందుకే ఆ అలవాటు రోగమని ఎవరికీ తట్టలేదు. పరీక్ష చీటీలు బైబిల్లో దాచేవాడు. ఒక ఆదివారం చర్చిలో అక్క కీర్తనల పుట తెరిస్తే అవి జలజలా రాలాయి. తర్వాత అక్కను కూడా తీసుకెళ్లడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత ప్రియను. 2003 వేసవికి ఆ పిల్ల మోచేతి మడతలో నీలం మచ్చ మానడం మానేసింది. సోమవారం వస్తే తోటలోకి పారిపోయేది.

నేను అప్పుడు నందిగాంలో బడిపంతులుని. అక్క కబురు పెడితే వెళ్లాను. బావ ఎదుటే చెప్పింది.

"తమ్ముడూ, నువ్వే సాచ్చి. ఇంకోసారి ఈ గుంటకి సూది గుచ్చించేడంటే దీన్ని తీసుకుని మీ ఇంటికి ఎలిపోతాను. మళ్లీ రాను."

టెక్కలికి శనివారాల్లో జానకి అనే మనసు డాక్టరు వస్తారని చెప్పాను. బావ ముఖం నల్లబడింది.

"నాను పిచ్చోడినేటి, ఎడ్వర్డూ?"

"పిచ్చోడివైతే కట్టేద్దుము," అంది అక్క. "నువ్వు మంచోడివి. అదే సిక్కు."

ఆ శనివారం వెళ్తే, డాక్టరమ్మ అతని భయం అబద్ధమని అనలేదు. "మీ ఊళ్లో ఆ భయం లేనివాళ్లెవరు?" అన్నారు. "కానీ ప్రతి సోమవారం చీటీ చూసుకుని ఎన్ని రోజులు నిమ్మళంగా ఉంటున్నారు?"

బావ ఆలోచించాడు. "ముందర ఆరు రోజులుండేది. ఇప్పుడు బస్సు దిగేదాకా."

ఆమె మూడు పనులు రాసిచ్చారు. పరీక్ష ఆరు నెలలకు ఒకసారే. పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ మొక్కలకు నీళ్లు పోయాలి, అప్పుడు జబ్బుల మాట ఎత్తకూడదు. భయపడడానికి మాత్రం సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా టైము. వరండాలో అక్క పక్కన కూర్చుని ఎంతైనా చెప్పుకోవచ్చు. మిగతా వేళల్లో భయం వస్తే "ఆరింటికి రా" అని పంపేయాలి. పిల్లకు నిజంగా నలత చేస్తే ఊళ్లో డాక్టరుకు చూపించాలి. సూది అవసరమో కాదో ఆయన చెబుతాడు, బావ కాదు.

మొదటి వారం నీళ్లు పోస్తూ ఇద్దరికీ మాటలు దొరకలేదట. జబ్బు తప్ప వేరే మాట వాళ్ల మధ్య ఎప్పుడో ఎండిపోయింది. ఆరింటికి బావ కూర్చుని భయాలన్నీ వెళ్లబోసుకునేవాడు. అక్క చేట పట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. ఆరున్నర కాగానే "అయిపోనాది, లెగు" అనేది. నెల గడిచింది. ఒక్క సోమవారం కూడా అతను పలాస బస్సులో ల్యాబుకి వెళ్లలేదు.

మే నెలలో నేను వాళ్లింట్లో ఉండగా ఒక పొద్దున్న ప్రియ లేచేసరికి దాని కళ్లు మూసుకుపోయేలా రెప్పలు వాచి ఉన్నాయి. బుగ్గలు కూడా ఉబ్బాయి. బావ చేతిలోని చెంబు కింద పడింది. అతని అన్నకు మొదట వాచింది ముఖమే.

అతను సైకిలు బయటికి తీసి, పిల్లను ఎత్తి ముందు కూర్చోబెట్టాడు. ప్రియ గొంతు పగిలేలా ఏడ్చింది. "ఒద్దు నాన్నా, సూదొద్దు!"

"ముందు ఊళ్లో డాక్టరుకి సూపిద్దాం, బావా," అన్నాను.

"ఆయనేటి సూత్తాడు? పలాస ఎల్తన్నాను."

అక్క అతన్ని ఆపలేదు. లోపలికి వెళ్లి సంచి తెచ్చింది. బట్టలు ఎప్పుడు సర్దిందో నాకు తెలియదు. గుమ్మంలో నిలబడి, "ఎల్లు. మీరు తిరిగొచ్చేసరికి నానుండను. పిల్లని నా తమ్ముడొచ్చి తీసుకెల్తాడు," అంది.

బావ హ్యాండిలు పట్టుకుని నిలబడిపోయాడు. పెదవులు కదిలాయి. "ఆరింటికి రా" అంటున్నాడని నాకు తెలిసింది. కానీ ఆరు గంటలకు ఇంకా పగలంతా ఉంది.

పిల్ల కళ్లు నులుముకోబోయింది. బావ దాని చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు విప్పి చూశాడు, ఒక్కొక్కటీ, బల్ల మీద పలుకు చూసినట్టు. చూపుడువేలి కొన, బొటనవేలి కొన గోధుమరంగుకు తిరిగి పొక్కాయి.

"పచ్చి జీడిపిక్క ముట్టుకున్నావా అమ్మా?"

ప్రియ తల వంచుకుంది. "నిన్న సోమారం కదా. తోటలో దాక్కున్నాను. పిక్కలు సితక్కొట్టేను."

పిక్క పెంకులోంచి కారే జీడిసొన తగిలితే ఒళ్లు పొక్కుతుంది. అది అంటిన వేళ్లతోనే కళ్లు తుడుచుకుంది. ఫ్యాక్టరీలో ఆ పొక్కులు రోజూ చూసేవాడు బావ. తాను గుచ్చించే సూదికి భయపడి పిల్ల దాక్కున్న చోటే ఆ సొన అంటిందని అతనికి అప్పుడు అర్థమైంది. సైకిలు స్టాండు వేశాడు. పిల్లను దింపి ఊళ్లో డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్లాడు. ఆయన ఒక మందు రాసి, సూది అక్కర్లేదన్నాడు.

ఆ సాయంత్రం ఆరింటికి బావ ఏడ్చాడు. అక్క సంచి మాత్రం వెంటనే విప్పలేదు. రెండు ఆదివారాలు అది గుమ్మం పక్కనే ఉంది. మూడో ఆదివారానికి లేదు.

ఆరేళ్ల తర్వాత, ఆరు నెలల పరీక్షల్లో ఒకదాంట్లో, కిడ్నీలు పాడయ్యాయని చెప్పే, అతను భయపడిన అంకె వచ్చింది. చీటీ జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, మొక్కలు చూసుకుని, ఆరు కొట్టాక "దోర్కాసూ, కూకో" అన్నాడట. తర్వాత పది నెలలు ఉన్నాడు.

అతను చనిపోయిన వారం నేను వరండాలో అతని స్టూలు మీద కూర్చున్నాను. ఆరు కొట్టింది. అక్క చేటలోంచి తల ఎత్తకుండానే అంది:

"ఏడిస్తే ఇప్పుడే ఏడు, తమ్ముడూ. ఆరున్నర దాటితే మీ బావ ఊరుకోడు."