అమ్మకి రోజుకి మూడు గ్రాములు

మా చిన్నప్పుడు ఒకరోజు మా నాన్న ఉప్పు పొట్లం పట్టుకుని బంగారం కొట్టుకి వెళ్ళారు... నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మరీ.

భిలాయి పవర్ హౌస్ బజారులో నగల కొట్టు అది. సేఠ్ గారు తన అద్దాల పెట్టెలోని చిన్న త్రాసునీ, నాన్న చేతిలోని కల్లుప్పునీ మార్చి మార్చి చూశారు. "బాబూజీ, నమక్ భీ సోనా హో గయా క్యా?" అన్నారు. ఉప్పు కూడా బంగారమైపోయిందా అని. నాన్న నవ్వలేదు. నేను నవ్వాను... తర్వాత ఆపేశాను.

విషయం ఏమిటంటే, ఆ వేసవిలో అమ్మకి కాళ్ళు వాచాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు గారు చూసి, రోజంతటికీ మూడు గ్రాముల ఉప్పు, అంతకు మించితే గుండె మోయలేదు అన్నారు. అమ్మది శ్రీకాకుళం వైపు. ఆవిడ వంటింట్లో చిటికెడు, రవ్వంత, చారెడు, గిద్దెడు... వీటికి తప్ప వేరే దేనికీ ప్రవేశం లేదు. మూడు గ్రాములంటే ఎన్ని చిటికెలని డాక్టరు గారినే అడిగిందట. ఆయన తన చిటికెనీ ఆవిడ చిటికెనీ పక్కపక్కన పెట్టి చూసుకుని, తల పట్టుకున్నారట.

అందుకని ఈ బంగారం కొట్టు యాత్ర. సేఠ్ గారు తూచిన మూడు గ్రాముల కల్లుప్పుని ఇంటికి తెచ్చి, అమ్మ పాత కుంకుమ భరిణె మూతలో పోస్తే సరిగ్గా అంచుకి వచ్చింది. నాన్న ఉక్కు ప్లాంటులో ఫోర్‌మన్, కొలత అంటే భక్తి. ఇకమీదట అమ్మ కూర విడిగా, ఉప్పు లేకుండా దించాలి, రోజుకి ఒక మూతెడు ఉప్పు ఆవిడ పక్కన పెట్టాలి అని ఉత్తర్వు జారీ చేశారు. ఆయనకి షిఫ్టులు కాబట్టి అమలు చేసే అధికారం నాకు దక్కింది. నాకప్పుడు పదేళ్ళు. ప్రపంచంలో అంత చిన్న శాఖకి అంత పొగరున్న మంత్రి ఇంకెవరూ ఉండి ఉండరు.

అమ్మ అన్నం తింటుంటే ఎదురుగా కూర్చునేదాన్ని. ఆవకాయ జాడీ వైపు ఆవిడ చూపు వెళ్ళినా దగ్గేదాన్ని.

"ఏటే గుంటా, అత్తగారిలాగ కూర్చున్నావు?" అనేది అమ్మ.

నవ్వుతూనే అనేది గానీ, నాలుగు ముద్దలకే కంచం తోసేసేది. గడ్డి తిన్నట్టుంది అని నాన్నతో కాదు, గోడతో అనేది. పూర్వం పక్క క్వార్టర్ల వాళ్ళు మా ఇంటి పులుసు కోసం గిన్నెలు పంపేవారు... అలాంటి మనిషి నెల తిరక్కుండా సగమైపోయింది. కాళ్ళ వాపు మాత్రం తగ్గింది. నాన్న సంతోషించారు. నాకు మాత్రం అమ్మ తినకపోవడమే కనిపించేది.

ఈలోగా వానలు పట్టుకున్నాయి. జాడీలో కల్లుప్పంతా నీరుకారి ముద్దయిపోయింది. నాన్న బి షిఫ్టుకి వెళ్ళిపోయారు. నేను కిరాణా కొట్టుకెళ్ళి పొడి ఉప్పు పాకెట్టు తెచ్చాను. తెల్లగా, పిండిలా, చూడముచ్చటగా ఉంది. దాన్ని మూతలో పోశాను. పోసి, అమ్మకి అన్యాయం జరగకూడదని మూతని గట్టు మీద నాలుగుసార్లు తట్టాను. దిగిన చోట మళ్ళీ పోసి, పోస్టుకార్డు అంచుతో గీసి సమానం చేశాను. అంత నిజాయితీగా నేను జీవితంలో ఏ పనీ చేయలేదు.

ఆ పూట అమ్మ కంచం ఖాళీ చేసింది. మర్నాడూ అంతే. అడిగి మారు వడ్డించుకుంది. నేను వీధిలో కాలర్ ఎగరేయడమే తక్కువ... ఫ్రాకుకి కాలర్ లేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న అమ్మ చెప్పుల్లో కాళ్ళు పట్టలేదు. మధ్యాహ్నానికి ముఖం ఉబ్బింది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. నాన్న రిక్షా తెచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

ఉప్పు పెంచారా అని డాక్టరు గారు అడిగితే, గింజ కూడా పెంచలేదని నాన్న ఒట్టేసి చెప్పారట. సాయంత్రం ఇంటికొచ్చి మూత చూశారు, పాకెట్టు చూశారు, నన్ను చూశారు. మూతెడు పొడి ఉప్పు పొట్లం కట్టుకుని మళ్ళీ సేఠ్ గారి దగ్గరికి వెళ్ళారు. ఈసారి అయిదు గ్రాముల రాయి వేస్తే గానీ ముల్లు నిలవలేదు. కల్లుప్పు గింజల మధ్య గాలి ఉంటుందమ్మా, పొడిలో ఉండదు, మూత ఒకటే గానీ బరువు ఒకటి కాదు అని వచ్చాక నాన్న మెల్లగా వివరించారు. కొట్టి ఉంటే బాగుండేది.

అమ్మ అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంది. రెండో రోజు నన్ను తీసుకెళ్ళారు. మంచం పక్కన నిలబడి చాలాసేపు ఆవిడ కాళ్ళే చూశాను. తర్వాత ఏడుస్తూ చెప్పేశాను, పాకెట్టు, తట్టడం, పోస్టుకార్డు, అన్నీ.

అమ్మ నా చెయ్యి లాక్కుంది. "ఇరవై ఏళ్ళై వండుతున్నాను. ఉప్పెక్కువైతే నాకు తెలీదేటే? మొదటి ముద్దకే తెలిసింది. రుచిగా ఉందని ఊరుకున్నాను. తప్పు నాది. మీ నాన్నకి చెప్పకు."

నేను చెప్పలేదు.

ఆ తర్వాత అమ్మ చాలా ఏళ్ళే ఉంది. నేను రాయ్‌పూర్‌లో కాలేజీకి వెళ్ళడం, ఉద్యోగం, పెళ్ళి, అన్నీ చూసింది. ఆ మాట నిజంగానే అన్నదా, లేక నా ఏడుపు ఆపడానికి అప్పటికప్పుడు అల్లిందా అని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. నిజం కాదంటే ఏం చేయాలో తెలియక అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

నా వంటింట్లో ఇప్పుడు గ్రాములో పదో వంతు కూడా చూపించే కరెంటు త్రాసు ఉంది. ఫోనులో అడిగితే ఏ చెంచాకి ఎంత బరువో ఇట్టే చెబుతుంది. ఉప్పు పొరపాటు ఇక జరగదు... కానీ, నా పొరపాటుని తన కంచంలో వేసుకుని తినేసే మనిషి కూడా లేదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా మీ తప్పుని ఇలా తమ మీద వేసుకున్నారా? వాళ్ళు ఇంకా ఉంటే, నాలా ఆలస్యం చేయకుండా అడిగేయండి. ఏమన్నారో నాకూ చెప్పండి...