చాపకూడులో మా ఇంటి చాప

మొన్న మా అమ్మాయి ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. స్కూల్లో ప్రాజెక్టట. తనకు స్ఫూర్తినిచ్చిన చారిత్రక వ్యక్తి గురించి రెండు పేజీలు రాసి ఫొటో అంటించాలి. ఫోనులో ఒక మహనీయుడి జీవితం సిద్ధంగా ఉంది. ధైర్యం, త్యాగం, పట్టుదల, అన్నీ ఉన్నాయి. పేరు మారిస్తే ఏ మహనీయుడికైనా సరిపోయే రెండు పేజీలు.

"ఈయన నీకేం చేశాడే?" అన్నాను.

"నాకేం చేస్తాడు? ఎప్పుడో పోయాడు గదా."

"మరి స్ఫూర్తి ఎట్టా వచ్చింది?"

"అమ్మా, రేపు సబ్మిట్ చెయ్యాలి. నీతో వాదించే టైం నాకు లేదు."

పిల్ల వెళ్ళిపోయింది. వాదన మాత్రం నా దగ్గరే మిగిలింది. దాన్ని ఎవరి ముందు పెట్టాలా అని చూస్తే, ఇద్దరే గుర్తొచ్చారు. ఒకరు మా నాన్న, ఇంకొకరు మా అమ్మమ్మ. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఉంటే ఈ ప్రాజెక్టు పూర్తయ్యేది కాదు, తెల్లారేదాకా కొట్టుకునేవాళ్ళు.

నేను పుట్టింది మాచర్లలో. అమ్మ పుట్టిల్లు గురజాల. బస్సెక్కితే గంట దూరం. కానీ ఎనిమిది వందల ఏళ్ళ కిందట అవి అన్నదమ్ములు పంచుకున్న రెండు రాజ్యాలు. గురజాల రాజుకి ఒక ఆడమనిషి మంత్రి. మాచర్ల రాజుకి ఒకాయన మంత్రి. కోడిపందెం కట్టుకున్నారు, ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలని. మాచర్ల వాళ్ళు ఓడి, వలస పోయి, గడువు తీరాక తిరిగొచ్చి రాజ్యం అడిగితే ఇవ్వలేదు. కారెంపూడిలో యుద్ధం జరిగింది. రెండు వైపులా మగపిల్లలు మిగల్లేదు. ఇంత కథకీ మా ప్రాంతం ఇచ్చిన తీర్పు ఒక్కటే, తప్పంతా ఆవిడదని. పేరుతో కాకుండా ఆవిడను నాయకురాలు అంటారు. ఎదురు మాట్లాడే ఆడపిల్ల కనపడితే చాలు, "ఏమే నాయకురాలా" అని పిలుస్తారు. లెక్క తప్పు చేసిన పంతులుగారికి ఆ సంగతి చెప్పినందుకు మూడో తరగతిలోనే నాకు ఆ బిరుదు దక్కింది.

నాన్న ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. ఆయనకు మాచర్ల మంత్రి అంటే ప్రాణం. కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు కాబట్టి. దాన్నే చాపకూడు అంటారు. ఏటా కార్తీకంలో, కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు అయిన మర్నాడు, నాన్న మా వీధిలో సొంతంగా చాపకూడు పెట్టించేవాడు. మా వీధిలో పన్నెండు ఇళ్ళు. ఇంటికొక చాప, శేరు బియ్యం తేవాలి. బియ్యం ఒకే డేగిసాలో పోసి వండేవాళ్ళు. చాపలన్నిటినీ అంచుకు అంచు ఆనించి, ఎదురింటి పరుపులు కుట్టే మామ దబ్బనంతో, పురికొసతో ఒకే పొడుగు చాపగా కుట్టేవాడు. ఆయన సాయిబు, మేము కాదు. అయినా నాకాయన మామే, ఆయనకు నేను కోడల్నే. విడివిడి చాపలు పక్కపక్కన పరిస్తే కుదరదనేవాడు నాన్న. "కుట్టు పడాల్సిందే. లేకపోతే ఎవరి చాప మీద వాళ్ళు కూకుంటారు" అని.

అమ్మమ్మ సరిగ్గా ఆ రోజుకి గురజాల నుంచి దిగేది. ఆవిడ నాన్నకు అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. అందుకని మర్యాదలు తక్కువ.

"ఏందిరా, పెట్టిస్తన్నావా మీ ఓడిపోయినాయన కూడు?" అనేది సంచి కింద పెట్టకముందే.

"ఓడిపోలేదు అత్తా. మీ ఆవిడ కోడికి మందు పెట్టి మోసం చేసింది."

"నువ్వు చూశావా?"

"అందరూ చెప్తారు గదా."

"అందరంటే ఎవురు? మొగోళ్ళేగా. గెలిచింది మొగోడైతే తెలివంటారు, ఆడదైతే మందంటారు."

వాళ్ళు ఎనిమిది వందల ఏళ్ళ నాటి గొడవని నిన్న సాయంత్రం మా అరుగు మీద జరిగినట్టు మాట్లాడేవాళ్ళు. పుస్తకంలో చదివిన ఏ రాజూ నాకు వాళ్ళిద్దరి నోట్లో బతికినట్టు బతకలేదు.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పటి మాట ఇది. నరసరావుపేట వెళ్ళి, హాస్టల్లో ఉండి, హిస్టరీతో బి.ఏ. చదవాలని నా కోరిక. నాన్న ఒప్పుకోలేదు. ఇంట్లో కూర్చుని పరీక్షలు ప్రైవేటుగా కట్టుకోమన్నాడు. "మూడేళ్ళు ఆడపిల్లని ఊరి మీద వదిలితే వీధిలో నేను తలెత్తుకోలేను" అన్నాడు. పది రోజులు వాదించాను. చివరికి, ఇక దాని ఊసెత్తితే ఇంటర్ పరీక్ష ఫీజు కూడా కట్టనన్నాడు.

ఆ ఏడు అమ్మమ్మ వచ్చి, నా మొహం చూసి, సంగతి విన్నది. నాన్నతో ఏమీ అనలేదు. వంకాయలు తరుగుతూ నాతో అంది. "మీ నాయన పొగిడే ఆ చాప మీద ఆడోళ్ళు కూకున్నారో లేదో అడిగావా ఎప్పుడన్నా? వండిందెవురంట? ఆ చాప మీద ఒక్క ఆడది కూకున్న రోజు, ఆ మంత్రికి నేను కూడా దండం పెడతా."

నాకు తల మీద మొట్టినట్టయింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. తెల్లవారుజామునే ఆడవాళ్ళు పొయ్యి రాజేస్తారు. మగవాళ్ళు వరసగా చాప మీద కూర్చుంటారు. మేము వడ్డిస్తాం. వాళ్ళు లేచాక, చాప చుట్టేశాక, డేగిసా అడుగున మిగిలింది పెరట్లో నిలబడి తింటాం. పన్నెండు ఇళ్ళలో ఒక్కరికీ, నాకు కూడా, అది తప్పుగా తోచలేదు.

మధ్యాహ్నం విస్తళ్ళు వేశారు. నాన్న చాప మొదట్లో నిలబడి ఏటా చెప్పే ఉపన్యాసం మొదలుపెట్టాడు. "ఈ చాప మీద ఎక్కువ లేదు, తక్కువ లేదు..." అందరూ ఆకలిగా అన్నం వైపు చూస్తున్నారు. నా చేతిలో పప్పు బకెట్. ఉపన్యాసం అయిపోయింది. నేను బకెట్ నేల మీద పెట్టి, పరుపుల మామ పక్కన ఖాళీ ఉంటే అక్కడ విస్తరి ముందు కూర్చున్నాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. కళ్ళు తిరిగాయేమో అనుకున్నారు. తర్వాత చివరింటి పెద్దాయన అందుకున్నాడు. "ఏంది మాస్టారూ, మీ నాయకురాలు బంతిలో కూకుంది?"

నవ్వులు లేచాయి. నాన్న మొహం ఎర్రబడింది.

"లే" అన్నాడు.

"ఎక్కువ తక్కువ లేదన్నావు గదా నాన్నా."

"లెమ్మంటన్నానా?"

"నీ మంత్రి అయితే లేపేవాడా? ఆ ఒక్కటి చెప్పు, లేస్తా."

నాన్నని అంత ఇరుకులో పెట్టినందుకు ఇప్పటికీ జాలేస్తుంది. కానీ అప్పుడు లేవాలనిపించలేదు.

పరుపుల మామ విస్తరి మీద నీళ్ళు చల్లుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "మాస్టారూ, ఈ చాప కుట్టింది నేను. పన్నెండు ముక్కల్లో ఏది ఏ ఇంటిదో నాకు తెలుసు. కోడలు కూకున్నది మీ ఇంటి ముక్క మీదే. లేపాలంటే నాకు పేచీ లేదు. కుట్టు విప్పి, మీ చాప మీకు చుట్టిచ్చేస్తా. మిగతా పదకొండు మీద మేం తింటాం."

ఆ మాటకు వీధి వీధంతా నవ్వింది. ఈసారి నవ్వింది నన్ను చూసి కాదు.

నాన్న వంగి, నేను దింపిన బకెట్ ఎత్తుకున్నాడు. ఎప్పుడూ చాప మొదట్లో కూర్చునే మనిషి, ఆ రోజు గరిటె పట్టి ఒక్కొక్కరికీ పప్పు వడ్డించుకుంటూ వచ్చాడు. నా విస్తట్లోనూ వేశాడు. నా వైపు చూడలేదు.

పొయ్యి దగ్గర నుంచి అమ్మ రాలేదు. మిగతా ఆడవాళ్ళూ రాలేదు. పరువు తీశావని అమ్మ రెండు రోజులు నాకు అన్నం పెడుతూ ఏడ్చింది. వచ్చింది అమ్మమ్మ ఒక్కతే. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, చాప చివర నిలబడి, ఆకాశంలోకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "ఈ ఒక్క రోజుకేరా అబ్బాయ్. రేపటి నుంచి మా ఆవిడ మా ఆవిడే" అని నాన్నకి చెప్పి, నా పక్కన చతికిలబడింది.

నాన్న చాలాకాలం నాతో ముభావంగానే ఉన్నాడు. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికి, నరసరావుపేట కాలేజీ అప్లికేషన్ తెచ్చి నా పుస్తకాల మీద పెట్టి వెళ్ళాడు. ఆయనే పూర్తి చేశాడు. సబ్జెక్టు దగ్గర గుండ్రటి అక్షరాలతో ‘హిస్టరీ’ అని ఉంది.

మా అమ్మాయికి చెప్పాల్సింది ఇదే. గొప్పవాళ్ళని మెచ్చుకోవడం ప్రమాదంతో కూడిన పని. గట్టిగా మెచ్చుకున్నావా, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, అయితే మాట నిలబెట్టుకో అంటారు. నాన్న ఆ మంత్రిని నిజంగా నమ్మాడు కాబట్టే దొరికిపోయాడు. ఏటా చప్పట్ల కోసం మాత్రమే చెప్పి ఉంటే, నన్ను చెయ్యి పట్టి లాగేసేవాడు.

హాస్టల్లో మంచాలు లేవు. ఎవరి చాప వాళ్ళు తెచ్చుకోవాలి. బస్సులో నాన్న ఒళ్ళో చుట్టి పట్టుకున్నది చాపకూడులో పరిచే మా ఇంటి చాపే. ఏళ్ళ తరబడి దబ్బనం దిగిన చిల్లులు రెండంచులా వరసగా ఉండేవి. మూడేళ్ళు ఆ చిల్లుల మధ్య నిద్రపోయాను.

బస్సు దిగాక, హాస్టల్ గేటు దగ్గర చాప నా చేతికిస్తూ నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ పెద్ద లైబ్రరీ ఉందంట. మీ అమ్మమ్మ అంటది గదా, నాయకురాలు మోసం చెయ్యలేదని. చూడు. చూసి నాకు రాయి."

దొరికిన పుస్తకాలన్నీ చదివాను. మొదటి ఏడు చివర్లో ఇన్‌లాండ్ లెటర్ రాశాను. మందు పెట్టిందని చెప్పుకునే కథలే ఉన్నాయి నాన్నా, గట్టి ఆధారం నాకు ఎక్కడా కనపడలేదు అని. వారానికి జవాబు వచ్చింది. వానలు లేవని, అమ్మకు మోకాళ్ళ నొప్పులని, పరుపుల మామ నన్ను అడిగాడని రాసి, అడుగున మిగిలిన కొంచెం జాగాలో ఇరికించి ఒక ముక్క రాశాడు.

"నువ్వు రాసింది చూశాను. మీ అమ్మమ్మకు మాత్రం చెప్పమాక."

ఆ శనివారమే గురజాలలో దిగి చెప్పేశాను.