కచేరి వెనక జాగా

మా ఇంట్లో కిరాయికి ఉండే పెద్దమ్మ పోయింది. ఆ సంగతి ఫోన్లో తెలిసినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. మా ఆయన ఆమెను చేర్చిన సర్కారు దవాఖాన మెట్ల మీద నుంచి మాట్లాడుతున్నాడు. "పెద్దమ్మ లేదే ఇగ. తెల్లారంగనే పానం పోయిందట" అన్నాడు. ఆ వెంటనే అడిగాడు. "దవాఖాన బండాయన అడుగుతున్నడు, యాడికి తేవాలె అని. ఏం జెప్పాలె?"

పెద్దమ్మకు మా ఇంట్లో గది ఉంది. గదిలో మంచం ఉంది, దండెం మీద ఆమె చీరలు ఉన్నాయి. అయినా అక్కడికే తెమ్మని చెప్పే వీలు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కచేరి వెనక జాగా గురించి చెప్పాలి. ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది కూడా ఆ జాగానే.

మాది పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే దారిలో ఒక చిన్న పట్నం. మేముండేది పాత బజారులో. నిజాం కాలం నాటి రాతి కమాను, దాని పక్కన ఒకప్పుడు సర్కారు ఆఫీసై ఇప్పుడు కప్పు కూలిన పాత కచేరి, మనిషికి మనిషి తగిలే ఇరుకు గల్లీలు. మా అత్తవారి ఇంట్లో వీధివైపు రెండు గదులు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు కిరాయికి ఇస్తారు. నేను పెళ్లయి వచ్చేసరికే ఒక గదిలో పెద్దమ్మ ఉంది. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు ఒలిచే పని ఆమెది. సబ్బు ఎంత రుద్దినా ఆమె చేతులకు ఆ వాసన పోయేది కాదు.

నాకు చదువు తక్కువ, మాట ఇంకా తక్కువ. కూరగాయల బండి వస్తే తలుపు చాటు నుంచి చూస్తూ ఉండేదాన్ని. పెద్దమ్మ నవ్వేది. "నోరు తెరిస్తే ముత్యాలు రాల్తయా పిల్లా? బెండకాయలు కావాల్నని ఆయనకు జెప్పు. నాకు సైగలు జేస్తవేంది?" అనేది. అంటూనే తనే బేరం చేసి, లేతవి విరిచి చూసి, నా కొంగులో పోసేది.

కిరాయికి ఉండేవాళ్లలో ఎవరైనా చనిపోతే ఓనర్లు శవాన్ని లోపలికి రానివ్వరు. మా వైపు ఇది అందరికీ తెలిసిన మాటే. ఇంటికి కీడు పడుతుందని భయం. మా అత్తమ్మ మంచి మనిషి. కిరాయివాళ్లకు జ్వరం వస్తే జావ కాచి పంపుతుంది. కానీ ఆ ఒక్క విషయంలో ఆమెకూ అదే భయం. గది చూపించేటప్పుడే నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పినట్టే అదీ చెప్పేది.

పెద్దమ్మ అంతకుముందు ఇస్నాపూర్‌లో ఉండేది. ఆమె భర్త అక్కడే పోయాడు. ఆ రోజు గురించి ఒకసారే చెప్పింది, ఎల్లిపాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండా.

"ఓనరు గేటుకు తాళమేసిండు. బతిలాడితే ఇటు మొకం గూడ తిప్పలే. గప్పుడే వాన. లారీలు ఆపే కాడ రోడ్డు పొంటి పండవెట్టినం. లారీ పోయినప్పుడల్ల ఆయన మొకం మీద బురద నీళ్లు పడుడు, నేను కొంగుతోని తుడుసుడు. నాకు ఏడ్వనీకె గూడ తీరలే పిల్లా."

తర్వాత ఎవరో చెప్పారట, మా ఊళ్లో పాత కచేరి వెనక సర్కారు జాగా ఉంది, అక్కడ ఎవరూ అడ్డం చెప్పరు అని. "నేను ఈ ఊరికి ఇల్లు జూసి రాలే. ఆ జాగ జూసి వచ్చిన" అనేది.

నిజంగానే ఆ జాగా కిరాయివాళ్లందరికీ వాకిలి. ఒక్క గదిలో బతికేవాళ్లు పెళ్లయినా, పురుడైనా అక్కడే టెంటు వేసేవారు. చావైనా అక్కడే. ఎవరు పోయారని తెలిసినా అందరికంటే ముందు పెద్దమ్మ వెళ్లేది. ఊడ్చేది, నీళ్లు చల్లేది, నీడకు టార్పాలిన్ పట్టా కట్టించేది. తర్వాత చాయ్ పెట్టి, ఏడ్చేవాళ్ల చేతుల్లో గ్లాసు బలవంతంగా పెట్టేది. "ఏడ్సెటోళ్లకు జెర నీడ, జెర చాయ్. అంతకంటె ఎవ్వలేం జేస్తరు?" అనేది. ఆమె నుంచి నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఆ మాటే.

రెండేళ్ల కింద కచేరి గోడకు ఒక కాగితం అంటించారు. మా ఆయన చదివి చెప్పాడు. ఎవరూ వాడకుండా పడి ఉన్న స్థలం కాబట్టి వేలం వేసి, దుకాణాల సముదాయం కట్టడానికి ఇస్తారట. ఆ వానాకాలం జాగా నిండా తుమ్మ మొలిచింది, ఒక మూల చెత్త కుప్ప పడింది. అది నిజమే.

పెద్దమ్మ రాత్రంతా ఆలోచించినట్టుంది. పొద్దున్నే ఆడవాళ్లందరినీ లేపింది. "వాడుతలేమని రాసిన్రు గద. వాడుతున్నట్టు కండ్లకు కనబడాలె. పట్టున్రి చీపుర్లు!" మేమంతా తుమ్మ కొట్టాం, చెత్త ఎత్తాం, రాళ్లేరి ఒక పక్కన పేర్చాం. నా చేతులకు ముళ్లు దిగితే ఆమె సూదితో తీసింది. చివరికి నీళ్లు చల్లి, కచేరి గోడ వెంట పెద్ద ముగ్గు వేసింది. జాగా ఇంత విశాలమైనదా అని అప్పుడే అందరం చూశాం.

సర్కారు ఆఫీసు నుంచి సార్లు వచ్చారు. నడుచుకుంటూ అంతా తిరిగారు. పెద్దమ్మ వాళ్లకు చాయ్ ఇచ్చింది. వాళ్లు ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. ఆమె ముఖం వెలిగిపోయింది. "జూసిన్రా? సార్లే ఫోటోలు దీస్కపోయిన్రు. ఇగ ఎట్ల అమ్ముతరు?" అంది.

కొన్నాళ్లకు కమాను మీద ఫ్లెక్సీ వేలాడింది. వేలం గురించే. అందులో మేం శుభ్రం చేసిన జాగా, తుడిచిన నేల, పేర్చిన రాళ్లు. మూలన ముగ్గు కూడా ఉంది.

పక్క గల్లీ ఆవిడ ఊరుకోలేదు. "అక్కా, మంచిగ సాఫ్ చేసి చూపెట్టినవ్. నీకేమన్న కమీషన్ ఇస్తరేమో అడుగరాదే" అంది. పెద్దమ్మ ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూసింది. "ముగ్గు మాత్రం మంచిగ పడ్డది పిల్లా" అని నాతో అంది. అని నవ్వింది. కానీ ఇంటికొచ్చి వండుకోలేదు. నేను పళ్లెం తీసుకెళ్తే, "పనికి పోయొచ్చిన తీర్గ ఒళ్లంత నొస్తున్నది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

జాగా అమ్ముడుపోయింది. చుట్టూ నీలం రేకులు వచ్చాయి. ఆ తర్వాత మా గల్లీలో ఒక ఒడిశా పనివాడు జ్వరంతో పోయాడు. రేకుల దగ్గర కాపలా అతను పెద్దమ్మను లోపలికి వదల్లేదు. ఆ మనిషిని కమాను కింద, ఆటోల మధ్యలో పడుకోబెట్టారు. ఆటోవాళ్లు దారి వదలమని గొడవ చేశారు. పెద్దమ్మ అతని తల దగ్గర కూర్చుని, ఎండ పడకుండా అట్టముక్క పట్టుకుంది. చేయి లాగితే చేయి మార్చుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంది.

అప్పటికే ఆమెకు షుగర్. కాళ్లు వాచేవి. ఆ రోజు ఇంటికి వచ్చాక నేను కాళ్లు ఒత్తుతుంటే మెల్లగా అంది, "చచ్చుడు అంటే నాకు భయం లేదు పిల్లా. నన్ను ఏడ పండవెడ్తరో, గదే ఫికరు." నేను ఒత్తుతూనే ఉన్నాను. మా ఇంట్లోనే అందామంటే ఇల్లు నాది కాదు.

అందుకే ఆ పొద్దున మా ఆయన "యాడికి తేవాలె" అని అడిగితే నేను అత్తమ్మను పిలిచాను. అత్తమ్మ వచ్చి ఫోన్ తీసుకుంది.

"రేకులోళ్లను అడుగు" అంది.

"అడిగిన అమ్మా. జాగ కొన్న సేఠ్‌ను అడగాలన్నడు వాచ్‌మన్. సేఠ్ ఫోన్ ఎత్తుతలేడు."

"మరి కమాను కాడ?"

"మల్ల ఆటోలోళ్లతోని లొల్లి. జల్దీ చెప్పున్రి, బండాయన ఇంకో తావుకు పోవాల్నంటున్నడు."

నేను లేచాను. చీపురు, బకెట్టు తీసుకుని బయట అరుగు కడగడం మొదలుపెట్టాను. గడప బయటైనా మా నీడలో ఉంటుంది కదా అనుకున్నాను. అత్తమ్మ ఫోన్ పట్టుకుని తలుపులో నిలబడింది. తిడుతుందని తల ఎత్తలేదు. నీళ్లు పోస్తూనే ఉన్నాను.

"ఆడ ఎండ గొడ్తది" అంది చివరికి. "లోపట కడుగు."

తర్వాత ఫోన్లో, "ఇంటికే తీస్కరా బిడ్డా" అంది.

జహీరాబాద్ నుంచి పెద్దమ్మ కూతురు వచ్చింది. చెప్పులు విప్పి గడప దగ్గరే ఆగిపోయి, "లోపటికి రావొచ్చా అమ్మా?" అని అత్తమ్మను అడిగింది. "మీ అమ్మ లోపట్నే ఉన్నది. నువ్వు బయట ఉంటవా?" అంది అత్తమ్మ. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. నేను చాయ్ పెట్టాను.

ఏదో గెలిచామని నేను రాయడం లేదు. తర్వాత అత్తమ్మ పంతులును పిలిపించి ఇల్లు శుద్ధి చేయించింది. ఇప్పటికీ చిన్న తలనొప్పి వచ్చినా కీడేమోనని బెదురుతుంది. "నువ్వు అలవాటు చేసినవ్. రేపు మా కిరాయోళ్లు గూడ అడుగుతరు" అని పక్క ఓనర్లు ఆమెతో సరిగ్గా మాట్లాడటం లేదు. కచేరి వెనక మిషను నేల తవ్వుతోంది. ఆ దుమ్ము మా గిన్నెల మీద పడుతుంది, కడిగినకొద్దీ పడుతుంది. గల్లీలో ఇంకా ఎంతోమంది కిరాయివాళ్లున్నారు.

మా వీధి తలుపుకు రెండు రెక్కలు. ఒకటే తీసేవాళ్లం. రెండోదాని గడియ ఎప్పుడో తుప్పు పట్టింది. పెద్దమ్మను లోపలికి తెచ్చేటప్పుడు ఒక్క రెక్క చాలలేదు. గడియకు నూనె పోసి, నలుగురు కలిసి లాగితే తెరుచుకుంది. ఆమెను తీసుకెళ్లాక మూయబోతే అది మళ్లీ పడలేదు, నేలకు ఆనుకుపోయింది. తలుపులు బాగుచేసే వడ్లాయనను పిలవాలి అని అత్తమ్మ అంటూనే ఉంటుంది, పిలవదు. పొద్దున్నే గల్లీలోని ఎండ అటునుంచి లోపలికి వచ్చి, ఆమెను పడుకోబెట్టిన బండల మీదుగా వంటింటి దాకా పాకుతుంది.