ఎవరికీ ఇవ్వని ముద్దపువ్వు

ముప్పయ్యేళ్లు బడిలో గరిటె తిప్పినా ఈనిడ్ ట్రాంటర్ వంటని మెచ్చుకున్న పిల్లాడు ఆ ఊళ్లో లేడు. ఆమెకి పేరు తెచ్చింది పెరట్లో ఆపిల్ చెట్టు కింద జనవరి చలిలో పూసే ముద్ద స్నోడ్రాప్ అనే తెల్లటి చిట్టిపువ్వు. ఒంటిరేకల స్నోడ్రాప్ ఆ ష్రాప్‌షైర్ జిల్లాలో ప్రతి గట్టు మీదా పూస్తుంది. ఇది వేరు. తలవంచిన పువ్వుని వేలితో ఎత్తి చూస్తే లోపలంతా ఆకుపచ్చ అంచుల కుచ్చిళ్లే. వాళ్లమ్మ పెంచి ఇచ్చిపోయిన మొక్క, ఇంకెవరి దగ్గరా లేదు.

ఈ ముద్దపువ్వు విత్తనం కట్టదు. దుంప పిల్ల పెడితేనే మరో మొక్క. అందుకే ఆ పూలు పెంచేవాళ్లు ఒక మాట అంటారు: మొక్క దక్కాలంటే పదిమందికీ పంచు. ఈనిడ్‌కి ఆ మాట చెవికెక్కలేదు. పక్కింటి మేవిస్ గెడ్జ్, చిన్ననాటి స్నేహితురాలు, ఏటా ఒక్క దుంప అడిగేది.

"నీ చేతిలో ముళ్లకంప కూడా బతకదు. నీకెందుకే ఇది?" అనేది ఈనిడ్.

ఒక ఏడాది పూల గుబురు పక్కన చిన్న గుంట కనిపించింది. ఒక దుంప మాయం. ఆ వారమే చర్చి హాల్లో ఆ పూలు పెంచేవాళ్ల విందు. ఈనిడ్ నోరు ఊరుకుంటుందా?

"అడిగితే ఇవ్వలేదని తవ్వుకుపోయావా మేవిస్?" అని అందరి ముందూ అనేసింది.

మేవిస్ చెంచా కింద పెట్టి లేచి వెళ్లిపోయింది. తర్వాత మాటల్లేవు.

ఈ చలికాలం చలి లేదు, ఒకటే వాన. మొలకల మీద బూడిద రంగు బూజు పట్టింది. ఈనిడ్ తవ్వి చూసింది. ఒక్కో దుంపా కుళ్లిన ఉల్లిపాయలా వేళ్ల మధ్య చితికిపోయింది. ఒక్కటీ మిగల్లేదు.

అప్పుడు తట్టిందామెకి. మేవిస్ నిజంగా దొంగే అయితే, అమ్మ పువ్వు కంచెకి అవతల బతికే ఉంటుంది! మట్టి చేతులతోనే పరిగెత్తి తలుపు కొట్టింది.

"ఏం కావాలండీ, ట్రాంటర్ గారూ?" అంది మేవిస్.

"మొత్తం పోయాయే. నువ్వు తీసుకెళ్లింది ఉందా? తిరిగివ్వొద్దు, నీ దగ్గరే ఉంచుకో. ఉందని చెప్పు, చాలు."

మేవిస్ ఆమె చేతులకేసి చూసింది.

"నేను తియ్యలేదే. ఉడత తవ్వుంటుంది."

"కోపంతో అంటున్నావు. ఒట్టు, ఎవరికీ చెప్పను!"

"దొంగ అని ఎలాగూ అనిపించుకున్నాను కదా, ఒకటి తవ్వుకుంటే పోలా అని ఆ విందు రాత్రి కంచె దాకా వచ్చాను. చేతులు రాలేదే."

"ఎందుకు తియ్యలేదే!" అంటూ ఈనిడ్ ఆమె భుజం మీద బాదుతూ బావురుమంది. "ఎందుకు తియ్యలేదే నువ్వు!"